పిల్లల చెవి, ముక్కు, గొంతు: పంచాయతీల కర్తవ్యము

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అనగానే గ్రామ ప్రజలకు ముందుగా సినిమాలు జ్ఞప్తికి వచ్చుట సహజము. 1932లో ‘భక్త ప్రహ్లాద’ చిత్రముతో తెలుగు తెరకు మాట వచ్చినది. మదరాసులో పెరిగి పెద్దదైన తెలుగు చిత్ర పరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చి ఈ కొండరాళ్ళ ప్రాంతమున స్థిరపడినది. ఇచ్చటి డబ్బింగు గదులలో నటుల పెదవుల కదలికకు సరిపడునట్లు మాటలు చేర్చుదురు. ఒక్క అక్షరము స్పష్టముగా వినిపింపకున్నను ఆ మాటను మరల పలికింతురు.

అదే జూబ్లీహిల్స్‌లో 1988లో ప్రారంభమైన అపోలో ఆసుపత్రి కలదు. మాటల పరిశ్రమకు నిలయమైన ఆ ప్రాంతమునకే మాట వినలేని పిల్లలును వైద్యమునకై వచ్చుచుందురు. పుట్టుకతో చెవుడుగల శిశువుల లోపలి చెవిలో సన్నని పరికరము నమర్చి వినికిడి కలిగించు శస్త్రచికిత్స అచ్చట జరుగుచున్నది. అయితే సినిమాలో తప్పిన మాటను ఎన్ని మారులైనను తిరిగి చేర్చవచ్చును గాని, శిశువునకు మాట నేర్చు కాలము తిరిగి రాదు. అది తొలి కొద్ది సంవత్సరములు మాత్రమే. ఆ కాలము గడచిన పిదప తెచ్చిన బిడ్డకు ఎంతటి వైద్యుడైనను పూర్తి ఫలితమును చేకూర్పజాలడు.

పెద్ద ఆసుపత్రి చేరువలో నున్నంత మాత్రమున చాలదని ఫిలింనగరే తెలుపుచున్నది. అచ్చట మేడల ప్రక్కనే కూలి జనుల బస్తీలును కలవు. ఆ బస్తీలోని పిల్లవాడు పిలిచిన పలుకుట లేదని ఇంటివారు గమనింపనిచో, కనుచూపు మేరలోనున్న ఆసుపత్రి వానికి నూరు మైళ్ళ దూరమున నున్నట్లే. మారుమూల గ్రామములోని బిడ్డకైనను సకాలములో గమనించువారున్నచో అదే ఆసుపత్రి దగ్గరయగును. వైద్యము పట్టణములో జరుగవచ్చును. వ్యాధిని కనిపెట్టుట మాత్రము గ్రామములోనే జరుగవలెను. పంచాయతీ సభ్యులకు ఇందు గల పాత్రను వివరించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మూడును ఒకే యిల్లు

చెవి, ముక్కు, గొంతు అను మూడు అవయవములకు ఒకే వైద్యుడు చికిత్స చేయుటకు కారణము కలదు. ఈ మూడును లోపల ఒకదానితో నొకటి కలిసియున్నవి. కర్ణభేరికి వెనుకనున్న మధ్యచెవి నుండి ముక్కు వెనుక భాగమునకు ఒక సన్నని గొట్టము పోవును. మధ్యచెవికి గాలి అందించుట, అందలి ద్రవమును వెలికి పంపుట దాని పని. పెద్దలలో ఈ గొట్టము పొడవుగను ఏటవాలుగను ఉండును. పసిపిల్లలలో అది పొట్టిగను, ఇంచుమించు అడ్డముగను ఉండుటచే ముక్కులోని చీమిడి, సూక్ష్మజీవులు సులభముగా చెవిలోనికి చేరును. జలుబు చేసిన నాలుగు దినములకు పిల్లవాడు చెవి పట్టుకొని రాత్రియంతయు ఏడ్చుటకు కారణమిదియే.

చెవి కారుట చిన్న విషయము కాదు

మధ్యచెవిలో చీము నిండినపుడు విపరీతమైన పోటు, జ్వరము కలుగును. చీము ఒత్తిడికి కర్ణభేరి చినిగి చెవి కారనారంభించిన తోడనే నొప్పి తగ్గును. అందుచేత తల్లిదండ్రులు వ్యాధి నయమైనదని భ్రమపడుదురు. నిజమునకు అప్పుడే వైద్యము అవసరము. తగిన మందులు వాడి, చెవిలో నీరు పోకుండ కాపాడినచో ఆ చినుగు చాలవరకు తనంతట తానే పూడుకొనును. ఉపేక్షించినచో రంధ్రము నిలిచిపోయి, ప్రతి జలుబునకు చెవి కారుచు, వినికిడి నానాటికి తగ్గును.

‘చిన్నతనములో చెవి కారుట మామూలే, పెద్దయిన తగ్గును’ అనుమాట మన పల్లెలలో తరచుగా వినవచ్చును. ఈ మాట బిడ్డలకు చేసిన కీడు అంతయింత కాదు. రెండు వారములకు మించి చెవి కారుచున్నచో అది దీర్ఘవ్యాధిగా పరిగణింపబడును. చెవి వెనుక వాచుట, తీవ్రజ్వరముతో వాంతులు, మెడ బిగియుట, మూతి ఒక వైపునకు వంగుట ఇవి చీము ఎముకకు గాని మెదడునకు గాని ప్రాకుచున్నదనుటకు చిహ్నములు. అట్టి బిడ్డను ఆ దినముననే 108 వాహనములో ఆసుపత్రికి పంపవలెను.

కొందరు పిల్లలకు చెవి కారదు, నొప్పియు నుండదు. మధ్యచెవిలో జిగురువంటి ద్రవము నిలిచి వినికిడి మందగించును. ఇట్టి పిల్లలను బడిలో ‘మందమతి’ యనియు, ఇంటిలో ‘మొండివా’డనియు నిందింతురు. వెనుక బల్లపై కూర్చుండి, చెప్పినది మరల మరల అడుగు విద్యార్థిని శిక్షించుటకు ముందు వాని చెవులను పరీక్ష చేయించుట న్యాయము.

నూనె, పుల్ల, ఈక

చెవిపోటునకు వెల్లుల్లి కాచిన నూనె పోయుట, గులిమి తీయుటకు పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక త్రిప్పుట మన గ్రామములలో వాడుక. కర్ణభేరి చినిగియున్న చెవిలో పోసిన నూనె నేరుగా మధ్యచెవిని చేరి రోగమును పెంచును. పుల్ల జారినచో బాగున్న కర్ణభేరియే చినుగును. గులిమి చెవికి రక్షణ. అది సామాన్యముగా తనంతట తానే వెలికి వచ్చును. గట్టిపడి చెవి మూసికొన్నపుడు డాక్టరు తీయవలసినదే గాని మనము త్రవ్వరాదు.

పసికందుకు స్నానము చేయించునపుడు చెవులలోను ముక్కులోను నూనె చుక్కలు వేయుట, నోటితో గట్టిగా ఊదుట కొన్ని చోట్ల ఇప్పటికిని కలదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తులలోనికి పోయి ప్రమాదకరమైన జబ్బు కలిగించును. ఊదుటవలన ఊదినవారి నోటిలోని సూక్ష్మజీవులు శిశువునకు సంక్రమించును. పెద్దలు ప్రేమతోనే ఈ పనులు చేయుచున్నారు. కావున వారిని కించపరుపక, అంగన్‌వాడీ సమావేశములలో కారణమును విప్పి చెప్పవలెను. ‘కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినది’ అను సామెత మనవారికి తెలిసినదే. చెవి విషయములోను అది నిజము.

ముక్కునకు సంబంధించినవి

రెండు మూడేండ్ల పిల్లలు ఆటలో కందిగింజ, చింతగింజ, పూస, బలపము ముక్క ముక్కులోనో చెవిలోనో పెట్టుకొనుట తరచు. ఒక్క ముక్కురంధ్రమునుండి మాత్రమే దుర్వాసనగల చీము కారుచున్నచో అందు ఏదో వస్తువు చిక్కినదని అనుమానింపవలెను. ఇంటిలో తీయబూనినచో అది ఇంకను లోపలికి పోవును. గింజలపై నీరు పోసినచో అవి ఉబ్బి బిగిసికొనును. ఆటబొమ్మలలోని చిన్న గుండ్రని బ్యాటరీ అన్నిటికంటె అపాయకరము. అది కొన్ని గంటలలోనే లోపలి కండను కాల్చివేయును, రేపటివరకు ఆగరాదు.

ముక్కునుండి రక్తము కారినపుడు బిడ్డను వెల్లకిల పరుండబెట్టుట పొరపాటు. రక్తము గొంతులోనికి దిగి వాంతి యగును. కూర్చుండబెట్టి, తల కొంచెము ముందునకు వంచి, ముక్కు మెత్తని భాగమును రెండు వ్రేళ్ళతో 10 నిమిషములు విడువక నొక్కి పట్టవలెను. ఆ సమయములో నోటితో ఊపిరి తీయుమనవలెను. అప్పటికిని ఆగనిచో ఆసుపత్రికి పోవలెను.

ఎల్లప్పుడు నోరు తెరచి ఊపిరి పీల్చుచు, నిద్రలో గురకపెట్టుచు, నడుమ నడుమ ఊపిరి ఆగినట్లు ఉలికిపడు పిల్లలు కలరు. ముక్కు వెనుకనున్న అడినాయిడ్లను కండలు పెరుగుట ఇందుకు సామాన్య కారణము. అవి చెవి గొట్టపు ద్వారమును మూయుటచే వినికిడియు తగ్గవచ్చును. రాత్రి నిద్ర చాలక పగలు చదువు మందగించును. గురక పెద్దలకు నవ్వు పుట్టించునేమో గాని పిల్లలలో అది పరీక్షింపవలసిన లక్షణము.

గొంతు నొప్పి, కంఠసర్పి

పిల్లల గొంతు నొప్పులలో అధికభాగము జలుబుతో వచ్చి కొద్ది దినములలో తగ్గును. కాని స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవివలన వచ్చు గొంతు వాపును అశ్రద్ధ చేసినచో కొందరిలో రుమాటిక్ జ్వరము వచ్చి, గుండె కవాటములు శాశ్వతముగా చెడును. కావున డాక్టరు వ్రాసిన మందును, నొప్పి తగ్గినను, చెప్పిన దినములన్నియు వాడవలెను. రెండు పూటలు వాడి మానుట మంచిది కాదు. అట్లే ప్రతి జలుబునకు అర్హత లేనివారిచే సూదిమందు వేయించుటయు మంచిది కాదు.

టాన్సిళ్ళు వాచినంత మాత్రమున ఆపరేషను అవసరము లేదు. ఒక సంవత్సరములో ఏడు పర్యాయములు, లేక రెండు సంవత్సరములు వరుసగా ఏటికి ఐదు పర్యాయములు తీవ్రముగా వచ్చినపుడు, లేదా నిద్రలో ఊపిరికి అడ్డము తగులుచున్నపుడు వైద్యులు దానిని ఆలోచింతురు.

గొంతులో బూడిదరంగు పొర, మెడ వాపు, ఊపిరి ఆడకపోవుట కంఠసర్పి లక్షణములు. ఇది పూర్వకాలపు రోగమని తలంపరాదు. టీకాలు తప్పిన పిల్లలలో ఇది కనిపించుచునే యున్నది. ఇట్టి రోగులకు హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిలో చికిత్స చేయుదురు. పుట్టిన 6, 10, 14 వారములలో మూడు మోతాదులు, 16 నుండి 24 నెలల నడుమ ఒకటి, 5 - 6 ఏండ్లకు మరియొకటి, 10, 16 ఏండ్లకు బూస్టరులు ఉచితముగా ఇచ్చుచున్నారు. మొదటి మూడు వేయించి తరువాతివి మరచుటయే మనలో గల పెద్ద లోపము.

వేరుశనగ గింజలు నమలలేని పసివారికి పెట్టుట ప్రాణాపాయము. గింజ ఊపిరిగొట్టములో పడినచో బిడ్డ ఉక్కిరిబిక్కిరియగును. ఏడాది లోపు శిశువును ముంజేతిపై తల క్రిందుగా బోర్లించి, రెండు భుజముల నడుమ అరచేతితో ఐదు మారులు చరచవలెను. నోటిలో వ్రేలు పెట్టి గ్రుడ్డిగా వెదుకరాదు. వెంటనే 108నకు ఫోను చేయవలెను.

పుట్టుచెవుడు

పుట్టిన ప్రతి వేయిమందిలో ఒకరిద్దరు శిశువులు తీవ్రమైన వినికిడి లోపముతో పుట్టుదురని వైద్యుల అంచనా. ఆ బిడ్డ నాలుక, గొంతు బాగుగనే యుండును. మాట వినబడకపోవుటచే మాట రాదు. కావున ‘మూగ’ యని మనము పిలుచు బిడ్డలలో పెక్కుమంది యథార్థముగా వినలేనివారే.

కారణములు పలువిధములు. గర్భిణికి రుబెల్లా సోకుట, నెలలు నిండకమునుపే పుట్టుట, పుట్టిన వెంటనే ఏడ్వకపోవుట, తీవ్రమైన కామెర్లు, మెదడువాపు అందు కొన్ని. మన తెలుగునాట మేనరికపు వివాహములు, మేనమామతో వివాహములు తరచుగా జరుగుచుండును. తల్లిదండ్రు లిరువురును ఒకే వంశమునుండి ఒకే లోపపు బీజమును పొందుటకు ఇందు అవకాశమెక్కువ. ఇరువురికిని వినికిడి చక్కగనే యున్నను బిడ్డకు చెవుడు రావచ్చును. ఇది ఎవరి పాపమును కాదు, శాపమును కాదు. వంశములో చెవుడున్నచో పెండ్లికి ముందే డాక్టరు సలహా పొందుట వివేకము.

బాల్యములోని వినికిడి లోపములలో నూటికి 60 వంతులు నివారింపదగినవేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెల్పుచున్నది. తట్టు, రుబెల్లాల నిరోధక టీకాను 2017లో పెద్ద యెత్తున పిల్లలకు వేసిరి. ఇప్పుడది 9 నెలలు నిండగానే ఒకమారు, 16 - 24 నెలల నడుమ మరియొకమారు ఇవ్వబడుచున్నది. మెదడు పొరల వాపును, చెవి చీమును కలిగించు న్యూమోకాకస్ సూక్ష్మజీవికి విరుగుడైన టీకాయు 2021 నుండి మన రాష్ట్రములో శిశువుల కిచ్చుచున్నారు. నేటి సూది రేపటి చెవికి రక్ష.

ఏ విధముగా కనిపెట్టవలెను? పుట్టిన బిడ్డ పెద్ద చప్పుడునకు ఉలికిపడును. ఆరు నెలలకు శబ్దము వచ్చిన దిక్కునకు తల త్రిప్పును. ఏడాదికి ‘అమ్మ’, ‘అత్త’ వంటి మాటలు పలుకును. రెండేండ్లకు రెండు మాటలు కలిపి చెప్పును. ఇవి లేనిచో ‘వాళ్ళ నాన్నకు కూడ ఆలస్యముగనే మాటలు వచ్చినవి’ అని కాలము గడపరాదు. నెల లోపల పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల చికిత్స ప్రారంభము అనునది వైద్యలోకము అంగీకరించిన క్రమము.

ఊరినుండి ఆసుపత్రికి దారి

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలలో ఏటికి రెండు మారులు, ప్రభుత్వ పాఠశాలలలో ఏటికి ఒకమారు పిల్లలను పరీక్షింపవలెను. వినికిడి లోపము, చెవిలో చీము ఈ పరీక్షలలో చేరియున్నవి. లోపమున్నదని తోచిన బిడ్డను జిల్లా బాలల సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు వ్యాధులకే ప్రత్యేకింపబడినది. సికిందరాబాదు మనోవికాస్ నగరులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రము వినికిడి పరీక్షలు, వాక్ శిక్షణ నిర్వహించుచున్నది. ఆ సంస్థకు పేరిచ్చిన అలీ యావర్ జంగ్ హైదరాబాదువారు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసినవారు.

చాలమంది పిల్లలకు చెవికి తగిలించు యంత్రము సరిపోవును. దానివలన ప్రయోజనము లేనంత చెవుడు గల శిశువులకు కాక్లియర్ ఇంప్లాంట్ అవసరమగును. చెవి వెనుక ధరించు భాగము శబ్దమును గ్రహించి, చర్మము క్రింద నమర్చిన భాగమునకు పంపును. అచ్చటనుండి సన్నని తీగె లోపలి చెవిలోని నరమునకు విద్యుత్ సంకేతములు అందించును. దీనికి లక్షల రూపాయలు వ్యయమగును. 2007లో మూడు జిల్లాలలో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకములో ఈ శస్త్రచికిత్సకు, తరువాతి శిక్షణకు తావు కల్పింపబడినది. అయితే ఇందు వయోనియమము కలదు. బిడ్డ వయస్సు మించినచో పథకమున్నను ప్రయోజనము దక్కదు. ఒక్క సంవత్సరపు ఉపేక్ష ఒక జీవితకాలపు మాటను పోగొట్టగలదు.

ఆపరేషనుతో పని పూర్తి కాదు. పరికరము శబ్దమును మాత్రమే ఇచ్చును. ఆ శబ్దమునకు అర్థము నేర్పవలసినది శిక్షణ. ఏడాది రెండేండ్లు తల్లి బిడ్డను క్రమము తప్పక శిక్షణకు కొనిపోవలెను, ఇంటిలో దినమంతయు మాటలాడించవలెను. కూలి పోవుననియు, బస్సు ఖర్చనియు నడుమ మానినచో విలువైన పరికరము పెట్టెలో మూలబడును. అట్టి కుటుంబమునకు గ్రామము తోడు నిలువవలసినది ఇచ్చటనే.

శబ్దము హద్దులో నుండవలెను

వినికిడిని జబ్బులే గాక చప్పుడును హరించును. సినిమా చిత్రీకరణ స్థలములో శబ్దగ్రహణ సమయమున అందరును నిశ్శబ్దము పాటింతురు. ఆ సినిమా పాటలనే మన ఊరేగింపులలో గుండెలదరునట్లు డీజే పెట్టెలతో మ్రోగింతుము. ఆ పెట్టెల ముందు గంతులిడునది పిల్లలే. లోపలి చెవిలోని సున్నితమైన కణములు శబ్దపు తాకిడికి చచ్చినచో మరల మొలవవు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ననుసరించి రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు లౌడుస్పీకర్లు నిషిద్ధము. ఆసుపత్రులు, పాఠశాలల చుట్టును 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చును.

పంచాయతీ చేయదగినవి

1. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ సమావేశములో ఆశ కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును ఒక ప్రశ్న తప్పక అడుగవలెను: ‘చెవి కారుచున్నవారు, పిలిచిన పలుకనివారు, రెండేండ్లు నిండినను మాట రానివారు ఎందరు?’ ఆ పేర్లు వ్రాయించి, తదుపరి సమావేశములో వారికి ఏమి జరిగినదో విచారింపవలెను.

2. వైద్య బృందము వచ్చు తేదీని రెండు దినములు ముందుగా చాటింపు వేయించవలెను. ఆ దినమున పొలమునకు, వలసకు పోయినవారి పిల్లలను మరియొక తేదీన చూపించు ఏర్పాటు చేయవలెను.

3. టీకాలు తప్పిన పిల్లల జాబితాను ఏ.ఎన్.ఎం. వద్దనుండి తెప్పించుకొని వార్డు సభ్యులు తమ వార్డులోని ఇండ్లకు స్వయముగా పోవలెను.

4. చెవి కారు పిల్లలు చెరువులో, బావిలో ఈత కొట్టకుండ చెప్పవలెను. వంటింటి పొగ, బీడీ, చుట్ట పొగ చెవి వ్యాధులను పెంచునని, తల్లిపాలు తగ్గించునని తెలుపవలెను. పాలు పట్టునపుడు బిడ్డ తల కొంచెము ఎత్తుగా నుండవలెను.

5. ఆపరేషను చేయించుకొనిన బిడ్డ ఉన్న యింటికి శిక్షణ కాలమంతయు ప్రయాణమునకు, బ్యాటరీలకు సహాయము చూడవలెను. ఆ బిడ్డను అంగన్‌వాడీలో ముందు వరుసన కూర్చుండబెట్టి, తక్కిన పిల్లలతో మాటలాడించవలెను.

ఈ పనులలో దేనికిని పెద్ద నిధులు అక్కరలేదు, కొత్త భవనము అక్కరలేదు. ప్రతి మార్చి 3వ తేదీ ప్రపంచ వినికిడి దినము. ఆ దినమున గాని, అంతకు ముందే జరుగు గ్రామసభలో గాని పై ప్రశ్ననడిగి జాబితా వ్రాయ నారంభించినచో, వచ్చు ఏటికి గ్రామములో సకాలమున చికిత్సకు చేరిన పిల్లలెందరో సభ్యులే లెక్కచూచుకొనవచ్చును. ఒక్క బిడ్డ పేరు వ్రాయబడి, ఆ బిడ్డ ‘అమ్మా’ యని పిలిచినను, పంచాయతీ తన పని తాను చేసినట్లే.